నాలుగో చరణం

ఆ పొద్దున ఆకాశం హొళగుంద దిక్కు నుంచి నల్లబడుతూ వచ్చింది. మృగశిర కార్తెకు ఇంకా రెండు రోజులుంది. మబ్బు బాగా కిందికి దిగింది, గాలి ఆగిపోయింది, వాన తప్పదని అందరూ అనుకున్నారు. పడలేదు. మధ్యాహ్నం దాటాక ఆ మబ్బంతా మద్దికెర వైపు జరిగిపోయింది. పడుతుందేమోనన్న భయానికే నా తమ్ముడు తిమ్మప్ప చచ్చిపోయాడు.

మేమిద్దరం బావులు తవ్వేవాళ్లం. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. ఎనభై ఒకటిలో మా ఊరి కృష్ణప్ప తన చేలో బావి మొదలుపెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా బావులు గుత్తకు తీసుకుని తవ్వించేవాడు కాబట్టి నలభై మంది కూలీలు అతని చేతికింద ఉండేవాళ్లు. బండ తగిలినచోట ఉలితో బెజ్జాలు కొట్టి, తూటాలు పెట్టి, వత్తి ముట్టించి పైకి వచ్చేస్తాం. ఎన్ని పెట్టామో అన్ని మోతలు వినిపించాలి. ఒక్కటి తక్కువైనా మర్నాడు తెల్లవారేదాకా ఎవరూ దిగరు. ఇది ఎక్కడా రాసిపెట్టింది కాదు. మా నాయన మాకు చెప్పాడు, ఆయనకు వాళ్ల నాయన చెప్పాడు.

ఆ రోజు నేను ఉలులు కొట్టించుకురావడానికి ఎమ్మిగనూరు కొలిమికి పోయాను. తిరిగొచ్చేసరికి బావి గట్టున గోనెపట్టా కప్పి ఉంది. పట్టా కింద నుంచి కాళ్లు కనిపిస్తున్నాయి. ఎడమ కాలి బొటనవేలికి నేను పొద్దున కట్టిన పేలిక అట్లాగే ఉంది.

కృష్ణప్ప పోలీసులతో చెబుతున్నాడు. "తాగొచ్చినాడు సార్. వద్దు వద్దంటే దిగినాడు. పేలని తూటాను గడ్డపారతో పొడిచినాడు. నేనేం జేసేది?"

పంచనామాలో అదే రాశారు. తాగిన మైకంలో అని. కింద ముగ్గురు కూలీలు వేలిముద్రలు వేశారు. వాళ్లు నా మొహం చూడలేదు.

తిమ్మప్ప కల్లు కూడా ముట్టడు. మా ఊరి పీర్ల చావిడిలో పెద్ద పీరును ఎత్తేది వాడే. ఎత్తడం మొదలుపెట్టిన ఏడు, చావిడిని చూసుకునే ముజావరు బడే సాబ్ ముందర, చుక్క ముట్టనని ఒట్టు వేశాడు. పద్నాలుగేళ్లు నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు పంచనామాలో మాట ఊరంతా తిరిగింది. నీళ్ల దగ్గర ఎవరో అన్నారట, ఇన్నేళ్లూ మనం మొక్కింది తాగుబోతు ఎత్తిన పీరుకా అని. తిమ్మప్ప పెండ్లాం దేవమ్మ ఖాళీ బిందెతో ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది.

"మనిషి పోయినాడు బావా. పేరు గూడ తీస్కపోయిరి," అంది.

నాకు మాటలు తక్కువ. ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి రాత వచ్చు. తమ్ముడి పేరు కడగాలి, కృష్ణప్ప పేరు కాల్చాలి. ఈ రెండూ ఒకటే పని అనుకున్నాను అప్పుడు.

వారం తర్వాత, బావిలోంచి రాళ్లు పైకి తోడే కృష్ణప్ప క్రేను నడిపే పీరా సాబ్ కంకర కుప్ప వెనక్కి నన్ను పిలిచాడు. అటూ ఇటూ చూసి చెప్పాడు.

"ఏడు పెట్టినారప్పా. ఆరే మోగినాయి. నీ తమ్ముడు రేప్పొద్దున దిగుతా అన్న్యాడు. కృష్ణప్ప మబ్బు సూపించి, 'వానొస్తే బావి నిండుతాది, నీ యబ్బ వచ్చి తోడుతాడా? రేపు క్రేను కోసిగికి పోవల్ల. దిగురా, ఆడదాని మాదిరి వణుకుతాండావే' అన్న్యాడు. అంతే, దిగేసినాడు."

"ఇంకెవరు ఇన్న్యారు?"

"గంప దించుతా ఉచ్చీరమ్మ ఇన్న్యాది. మిగతోళ్లు అప్పటికే సెట్టు కిందికి పోయినారు."

"కోర్టులో సెప్తావా పీరా?"

"క్రేను ఆయనది గదన్నా. నా కడుపు ఆయన సేతిలో ఉండాది."

మరుసటి నెల అతను బళ్లారికి పోయాడు. మళ్లీ కనబడలేదు.

ఉచ్చీరమ్మ కృష్ణప్ప చెల్లెలు. మొగుడు వద్దని పంపేస్తే పదేళ్లుగా అన్న ఇంట్లోనే ఉంది. నలభై మంది కూలీలకు వండి, గంప నెత్తిన పెట్టుకుని చేలకు తెచ్చేది ఆమే. నేను వాళ్ల దొడ్డివాకిలి దగ్గరికి పోయి నిలబడ్డాను.

"అక్కా, నువ్వు ఇన్న్యావంట," అన్నాను.

ఆమె నన్ను చూసింది. చేతిలోని గరిటెను చూసుకుంది. తలుపు వేసింది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు చాలా రోజులు నా చెవిలోనే ఉంది.

ఆ ఏడు పీర్ల పండుగ శనక్కాయ పెరికే రోజుల్లో వచ్చింది. చావిడి ముందర గుండం తవ్వి, నిప్పు వేసి, పది రోజులూ దీపాలవేళ నుంచి దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. మా దగ్గర ఒక కట్టడి ఉంది. గుండం చుట్టూ ఎవరి మీద ఏమి పాడినా ఎవరూ కోపం చేయకూడదు. కరణం మీద పాడతారు, పిసినారి అత్త మీద పాడతారు, పాడించుకున్నవాడు నవ్వి ఊరుకోవాలి. పదో రోజు పీర్లు వంక నీళ్లలో మునిగి తిరిగొచ్చాక గుండంలో మన్ను పోసి పూడుస్తారు. దాంతో ఆ పాటలూ పూడిపోయినట్టే. తర్వాత ఎవడన్నా పాడితే అది పండుగ పాట కాదు, తగాదా.

నేను నాలుగు చరణాలు కట్టాను.

*ఏడు పెట్టిరి, ఏడు పెట్టిరి, ఆరు మోగినాయి*
*ఏడోదాని జాడ జూడ తమ్మున్ దింపినారు*

*మబ్బు జూపి దింపినాడు, వాన రాకపాయె*
*వానకైన సిగ్గు ఉండె, వానికేమి లేదు*

*తాగెనంట, తాగెనంట, పోసినోడు ఎవడు?*
*బావి దిగే అన్నలారా, మోత లెక్కబెట్టు*

నాలుగోది ఇక్కడ రాయను. అది ఉచ్చీరమ్మ మీద. గంప దించేటప్పుడు ఆమె కళ్లు క్రేను నడిపేవాడి మీద ఉన్నాయనీ, అందుకే చెవులకు ఏదీ పట్టలేదనీ దాని అర్థం. అందులో నిజం లేదు. లేదని తెలిసే కట్టాను.

ఏడో రోజు పాడాను. కృష్ణప్ప గుండానికి ఎదురుగా మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మొదటి మూడు చరణాలకు అతని చేతిలో గ్లాసు కదలలేదు. నాలుగోదానికి వెనకనున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఉచ్చీరమ్మ అక్కడే ఉంది. పైటకొంగు తలమీదికి లాక్కుని లేచి పోయింది. ఆమె పోవడం నేను చూశాను. చూసి, ఆ చరణాన్నే మళ్లీ ఎత్తుకున్నాను.

కట్టడి ప్రకారం కృష్ణప్ప నవ్వాడు. "బాగ కట్టినావు రా మారెప్పా, ఇంగా కట్టు," అన్నాడు. గుండం పూడ్చేదాకా కాచుకోవడం అతనికి తెలుసు.

అక్కడ ఆపివుంటే నాకేమీ అయ్యేది కాదు. పదో రోజు బడే సాబ్ గుండంలో ఆఖరి గంప మన్ను పోసి, కాలితో అదిమి, నా వైపు చూశాడు.

"ఇంగ పాడగాకు మారెప్పా. ఈన్నించి నిన్ను గుండం కాయదు."

నేను తలూపాను. గుండం పూడ్చిన నాలుగో రోజు ఎమ్మిగనూరు సంతకు పోయాను. బావులు తవ్వేవాళ్లు గడ్డపారలు పక్కన పెట్టుకుని పని కోసం కూర్చునే చోటు ఒకటుంది అక్కడ. వాళ్ల మధ్య నిలబడి నాలుగు చరణాలూ పాడాను. కృష్ణప్ప మేస్త్రి మనుషుల కోసం వచ్చి పిలిస్తే ఒక్కడూ లేవలేదు.

"మోత లెక్కబెట్టేది మీ కృష్ణప్పకు నేర్పించుకోపో," అన్నాడొకడు.

మేస్త్రి చెయ్యి చేసుకున్నాడు. తోపులాటలో ఒకరి తల పగిలింది. నాలుగు చిల్లర దుకాణాలు కిందపడ్డాయి. పోలీసులొచ్చారు. తాసిల్దారు నన్ను పిలిపించి, ఆరు నెలలు ఎక్కడా పాడను, గలాటా చేయను అని పూచీకత్తు రాయించుకున్నాడు. ఆరు నెలలు నేను పొలంలో కూడా కూనిరాగం తీయలేదు. లోపల మాత్రం రోజూ పాడుకున్నాను. కృష్ణప్ప ఊరుకోలేదు. పరువు తీశానని ఆదోని కోర్టులో కేసు పెట్టాడు.

ఆదోనిలో నా వకీలు నబీ సాబ్. ముసలాయన. నేను రాసిచ్చిన పాటను కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి చదివాడు.

"సూడప్పా. నిజం సెప్పినా అంటే సాలదు కోర్టుకు. నిజమూ కావల్ల, ఆ నిజం నలుగురికి అక్కరకొచ్చేదీ కావల్ల. మీ కృష్ణప్ప ఇంగా బావులు తవ్విస్తాండాడు, మనుషులు ఇంగా దిగుతాండారు. మూడు సరణాలూ నేను కాపాడతా. సాక్షి ఉంటే." కాగితం మీద గోటితో గీత గీశాడు. "ఈ నాలుగోది ఎందుకు కట్టినావు?"

నేను ఆ గీతనే చూశాను.

"మంచి గోడ కట్టి దానికి నువ్వే కన్నం పెట్టుకుంటివి గద భాయ్," అన్నాడు. "జడ్జి అడిగితే, నలుగురి మేలు కోరి పాడినా అని సెప్పు. ఇంగొక మాట వద్దు."

సాక్షి లేడు. ఎనభై మూడు ఫిబ్రవరిలో ఆ సాక్షిని కృష్ణప్పే తెచ్చాడు.

అతని వకీలు లెక్క ఏమిటంటే, చెల్లెలు బోనెక్కి నాలుగు కన్నీళ్లు కారిస్తే జడ్జి మొత్తం పాటను ఒకటే గాటన కడతాడని. ఉచ్చీరమ్మ చాలా చిక్కిపోయింది. గంప మోసే మనిషికి ఉండే మెడ ఆమెకు పోయింది. ఆమె పగటిపూట నీళ్లకు రావడం మానేసిందని దేవమ్మ ఎప్పుడో చెప్పింది. విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది.

"ఏమని పాడాడో మీ నోటితో చెప్పండమ్మా. రికార్డులోకి ఎక్కాలి," అన్నాడు కృష్ణప్ప వకీలు.

ఆమె అన్న వైపు చూసింది. కృష్ణప్ప చెప్పమన్నట్టు తల ఆడించాడు. ఆమె చెప్పింది. రాగం లేకుండా, ఒక్కొక్క మాటా విడదీసి, రెండు పాదాలూ చెప్పింది. గుమాస్తా కలం ఆగి ఆగి నడిచింది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవి ఆ వైపు తిరగడం నేను చూశాను.

"ఇది నిజమా?"

"అబద్దం. ఆ క్రేను మనిషి మొగమే నేను సరిగ్గ సూల్లేదు."

వకీలు కూర్చున్నాడు. నబీ సాబ్ మెల్లగా లేచాడు.

"గంప ఎప్పుడు దించినావు తల్లీ, ఆ పొద్దు?"

"ఆరు మోతలు అయినంక."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎన్ని మోగల్ల?"

"ఏడు. ఎన్ని బెజ్జాలు కొట్టిరో ఉలి దెబ్బలు ఇనుకుంటా లెక్కబెడ్తా గద రోజూ. నలభై మందికి వండేదాన్ని. లెక్క నాకు అలవాటే."

"తర్వాత ఏమాయె?"

ఆమె చెప్పింది. మబ్బు చూపించడం, క్రేను కోసిగికి పోవాలనడం, ఆడదాని మాదిరి వణుకుతున్నావనడం. పీరా సాబ్ నాకు చెప్పిన మాటలే, ఒక్కటీ పోకుండా.

"తిమ్మప్ప తాగి ఉన్న్యాడా?"

"నా సేతి మజ్జిగ తాగినాడు. దిగకముందు. వాడు తాగింది అదే."

"ఒసే ఉచ్చీరీ!" కృష్ణప్ప లేచాడు.

"కూర్చోండి," అన్నాడు జడ్జి.

"నువ్వే గదన్నా పిలుచుకొచ్చింది. నిజం సెప్పమని ప్రమాణం గూడ సేయిస్తిరి," అంది ఆమె. గొంతు పెంచలేదు.

తర్వాత జడ్జి నన్ను అడిగాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన పడుచువాడు. "ఎందుకు పాడావు?"

నబీ సాబ్ నేర్పిన మాట నాలుక చివర ఉంది. కానీ ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"కడుపుమంట సామీ. వాడు నలుగురిలో తలెత్తుకోగూడదని."

నబీ సాబ్ కళ్లు మూసుకున్నాడు.

"నాలుగో చరణం?"

"అదీ మంటే."

"నిజమేనా అది?"

"కాదు సామీ. ఆమె తలుపేసినాది. అందుకు కట్టినా."

కోర్టు బయట జీపు ఆగి ఉంది. కృష్ణప్ప ఎక్కాడు. ఉచ్చీరమ్మ దగ్గరికి రాకముందే జీపు కదిలింది. ఆమె ఆ దుమ్ములో నిలబడిపోయింది. నేను పోయి, "అక్కా," అన్నాను.

"అక్కా గిక్కా అనగాకు," అంది. "నీ కోసరం సెప్పలేదు నేను. నీ తమ్ముని కోసరమూ కాదు. మా అన్న నలుగురి ముందర ఆ పాట నా నోటితోనే పలికించినాడు, అందుకు సెప్పినా. నువ్వు ఒకసారి పాడి నేను లేచి పోతాంటే మళ్లీ పాడితివి. అది ఇననట్టు పోయినా గానీ ఇన్న్యా నేను. పదహైదు నెల్లాయె మారెప్పా, పగలు మొగం బయటపెట్టక. ఆయన బాకీ ఆయనకు ఈ పొద్దు అప్పజెప్పినా. నీది ఇంగా ఉండాది."

ఆ రోజు కోర్టుకు వచ్చిన బడే సాబ్ ఆమెను తనతో తీసుకుపోయాడు. చావిడి పక్కన ఆయన ఇంట్లో, ఆయన భార్య సైదా బీ దగ్గర ఉంది.

పది రోజులకు తీర్పు. జడ్జి ఇంగ్లీషులో చదివి, కలం పక్కన పెట్టి, తెలుగులో చెప్పాడు.

"కోపంతో చెప్పినంత మాత్రాన నిజం అబద్ధమైపోదు. ఈ పాట వల్ల సంతలో గొడవైంది, సంఘానికి శాంతి కావాలి అన్నారు ఫిర్యాదుదారు వకీలు. కావాలి. కానీ గొడవకు భయపడి ఇలాంటి మాట మూసేస్తే, రేపు ఇంకో బావిలో ఇంకొకడు చస్తాడు. బావి దిగేవాడికి ఈ మాట తెలియాలి. మొదటి మూడు చరణాలకు నేరం లేదు. తిమ్మప్ప తాగాడనడానికి ఈ కోర్టు ముందు ఏ ఆధారమూ లేదు."

దేవమ్మ నా వెనక ఎక్కడో ఉంది. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు విన్నాను. కృష్ణప్ప కింది పెదవి వణికింది. రెండేళ్లుగా నేను దాన్ని చూడాలని బతికాను. కళ్లార్పకుండా చూశాను.

"నాలుగో చరణం," అన్నాడు జడ్జి. నేను చూపు తిప్పాను. "ఇది అబద్ధమని నువ్వే ఒప్పుకున్నావు. ఇది తెలియకపోతే ఏ బావిలో ఎవడు చస్తాడు? ఎవరికీ అక్కర్లేదు దీనితో. ఒక ఆడమనిషిని కాల్చడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. దీనికి నీది నేరమే. కోర్టు లేచేదాకా ఇక్కడే కూర్చో. అదే శిక్ష."

కృష్ణప్ప మనుషులు తక్కువ శిక్ష అని గొణుక్కున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను మొదట. గోడపక్కన నేలమీద కూర్చోబెట్టారు. వేరే కేసులు నడిచాయి. గట్టు తగాదా, గొర్రెల దొంగతనం. ఉచ్చీరమ్మ ఎదుటి బల్లమీద కూర్చుని ఉంది. తీర్పయ్యాక అందరూ లేచినా ఆమె లేవలేదు. నన్నే చూస్తోంది. శిక్ష పూర్తిగా జరుగుతుందో లేదో కాపలా కాస్తున్నట్టు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చూస్తూనే ఉంది. నేను తల దించుకుంటే బండలు, ఎత్తితే ఆమె.

అక్కడ కూర్చునే ఐదో చరణం తట్టింది నాకు. చెల్లెల్ని దుమ్ములో వదిలి జీపెక్కిన కృష్ణప్ప మీద. మాటలన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. అది నిజం. కానీ ఎటు తిప్పి పాడినా అందులో ఆమె ఉంది.

జడ్జి లేచాడు. బంట్రోతు కిటికీలు మూస్తూ, "లేయప్పా, ఇంగ పో," అన్నాడు.

ఎమ్మిగనూరు బస్సుకు ఇంకా గంటసేపుంది. కోర్టు ఆవరణలో, స్టాంపులమ్మేవాడు ఖాళీ చేసిపోయిన అరుగు మీద దేవమ్మ మూట విప్పింది. జొన్నరొట్టెలు, శనక్కాయ కారం, రెండు ఎర్రగడ్డలు. పొద్దున మా ఇద్దరికని కట్టింది. ఆమె నా వైపు చూడలేదు. మెట్ల దగ్గర నిలబడ్డ ఉచ్చీరమ్మ దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుని తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టింది. మొదటి రొట్టె ఆమె చేతిలో పెట్టింది. తర్వాత తాను తీసుకుంది. మిగిలింది నా ముందు పెట్టింది.

ఉచ్చీరమ్మ రొట్టెను చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. నేను అరుగు దిగి కింద నేలమీద కూర్చున్నాను. అప్పుడు ఆమె ఒక తునక తుంచింది.

ఎర్రగడ్డను దేవమ్మ అరుగు అంచుకు కొట్టి పగలగొట్టింది. పెద్ద చెక్క ఉచ్చీరమ్మ ముందుకు జరిపింది. కారం కళ్లలో నీళ్లు తెప్పించింది. ముగ్గురం తిన్నాం.